రేగడి: ఒక తెలుగు మాట, నేలల వర్గీకరణ చరిత్ర

వ్యాససంగ్రహం

ఆంగ్ల భూశాస్త్ర గ్రంథాలలో 'రెగుర్' అనే పేరుతో స్థిరపడిన పదానికి మూలం తెలుగు 'రేగడి'. తెలుగువారి వాడుకలో ఇది జిగటమన్నుకు పేరు. నేల గుణాన్ని చెప్పే మాట. వలస పాలనకాలంలో ఇదే మాట రంగును సూచించే శాస్త్రపదంగా, పన్ను వేయడానికి పనికివచ్చే తరగతిగా మారింది. ఆ మార్పు దత్తమండలాల పన్నుల చరిత్రలో, కర్నూలు-కడప కాలువ అనుభవంలో, నల్లరంగుపై జరిగిన శాస్త్రచర్చలో ఎలా కనిపిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రేగడి, చెలక, రైత్వారీ, తరం, దత్తమండలాలు, కర్నూలు-కడప కాలువ, వెర్టిసాల్.

1. మాట పుట్టుక, దాని ప్రయాణం

భారతీయ భూగర్భ సర్వే సంస్థ పక్షాన మెడ్లికాట్, బ్లాన్‌ఫర్డ్‌లు 1879లో వెలువరించిన గ్రంథంలో దక్కను నల్లనేలలకు 'రెగుర్' అనే పేరే కనిపిస్తుంది. మన పాఠ్యపుస్తకాలలోని 'రేగర్ నేలలు' అనే పేరు అక్కడినుండి తిరిగివచ్చినదే. సొంత మాట పరదేశపు ఉచ్చారణతో ఇల్లు చేరడం భాషాచరిత్రలో అరుదు కాదు గానీ, ఈ మాట తిరిగివచ్చేలోగా అర్థం కూడా మార్చుకున్నది.

1886లో యూల్, బర్నెల్ పండితులు ప్రచురించిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు ఈ పదానికి పారసీక భాషలోని 'రేగ్'తో సంబంధం ఉండవచ్చునని ఊహించింది. 'రేగ్' అంటే ఇసుక. భూమ్మీది నేలలలో ఇసుకకు బాగా దూరంగా ఉండే బంకనేలకు ఇసుక పేరునుండి వ్యుత్పత్తి వెదకడం విడ్డూరమే. అయితే అదే చోట విల్సన్ పదకోశాన్ని అనుసరించి తెలుగు రూపాలైన 'రేగడ', 'రేగడి'లను కూడా వారు పేర్కొన్నారు. సి. పి. బ్రౌన్ 1852 నాటి తెలుగు-ఆంగ్ల నిఘంటువు రేగడకు ఇచ్చిన అర్థం బంకమన్ను. అందులో ప్రధానమైనది మన్ను స్వభావం, రంగు కాదు.

దీనికి వాడుకలోనే బలమైన సాక్ష్యం ఉంది. తెలుగు రైతు 'నల్లరేగడి' అంటాడు, 'ఎర్రరేగడి' అంటాడు, 'తెల్లరేగడి' అని కూడా అంటాడు. రేగడి అనే మాటకే నలుపు అనే అర్థం ఉంటే నల్లరేగడి పునరుక్తి, ఎర్రరేగడి అసంబద్ధం అయ్యేవి. తడిసినప్పుడు కాలికి, నాగలికి అంటుకునేది, ఎండినప్పుడు నెర్రెలు విచ్చేది, గడ్డ కడితే పగలనిది రేగడి. ఆంగ్ల అధికారులు దీనికి పెట్టిన మరో పేరు 'నల్ల పత్తినేల'. అందులో ఉన్నవి ఒక రంగు, ఒక వాణిజ్యపంట. పేరు పెట్టినవారికి ఏది ముఖ్యమో ఆ పేరే చెబుతున్నది.

2. నీటిని బట్టి నేల: పూర్వపు విభజనలు

అమరకోశం భూమివర్గంలో అన్ని పైరులూ పండే నేలను ఉర్వర అనీ, ఉప్పుమన్ను నేలను ఊషరం అనీ చెబుతుంది. వానమీద ఆధారపడే దేశాన్ని దేవమాతృకమనీ, నదీజలంతో పండే దేశాన్ని నదీమాతృకమనీ వేరుచేస్తుంది. కాకతీయుల కాలపు దానశాసనాలలోనూ భూమి ప్రస్తావన వచ్చినపుడు ముందుగా కనిపించే భేదం చెరువుకింది నీరునేలకు, వానకు పండే వెలిచేనుకు మధ్యనే. తరువాతి కాలపు మాగాణి, మెట్ట అనే విభజన దీనికి కొనసాగింపు.

ఈ మొదటి భేదం తరువాతే మన్ను పేర్లు వస్తాయి. తెలంగాణలో చెలక, దుబ్బ, రాయలసీమలో గరుసునేల, గోదావరి, కృష్ణా తీరాలలో ఒండ్రు, లంక, అన్ని ప్రాంతాలలోనూ ఇసుక, చవుడు. ఒక్కొక్క పేరు ఒక పనిని గుర్తుచేస్తుంది. దుబ్బనేలలో నాగలి తేలికగా సాగుతుంది, నీరు నిలవదు. గరుసులో రాయి తగులుతుంది. చవుటిలో విత్తనం మొలవదు. అంటే ఈ పదజాలం దున్నేవాని చేతికీ కాలికీ తెలిసిన విషయాలను దాచుకున్నది. ఏ పేరూ తనంతట తాను 'ఇది మంచి నేల, ఇది చెడ్డ నేల' అని తేల్చలేదు. చవుడు ఒక్కటే దీనికి మినహాయింపు అనవచ్చు.

3. మన్రో సర్వే

1800లో నిజాం కంపెనీకి అప్పగించిన బళ్ళారి, కడప ప్రాంతాలు దత్తమండలాలుగా పేరుపొందాయి. వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఆ పదవిలో ఉన్నాడు. 1802లో మొదలైన అతని సర్వే పొలం పొలాన్నీ గొలుసుతో కొలిచింది. గొలుసు పొడవు 33 అడుగులు. ఒక గొలుసు చతురస్రం ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం. తెలంగాణ పల్లెలలో నేటికీ భూమిని ఎకరాలు, గుంటలలోనే చెప్పుకుంటారు.

కొలత తరువాతి ఘట్టం నేల తరగతిని నిర్ణయించడం. ఇక్కడ మన్రో గ్రామస్థుల జ్ఞానంమీదనే ఆధారపడవలసి వచ్చింది. కరణాలు, గ్రామపెద్దలు, రైతులు చెప్పినదాన్ని పన్ను నిర్ణేతలు పరిశీలించి, ఒక పొలాన్ని పక్క పొలంతో పోల్చి తరగతి కట్టారు. ఆ తరగతి సాపేక్షం. ఈ ఊరి మొదటిరకం రేగడికీ ఆ ఊరి మొదటిరకం రేగడికీ ఒకే విలువ ఉండనక్కరలేదు. ఈ పద్ధతిలోని బలం అదే.

బలహీనత పన్ను స్థాయిలో ఉంది. ఆ సంగతి మన్రోకే తెలుసు. 1807లో పదవి వదిలే ముందు అతడు తన సర్వే నిర్ణయించిన పన్నును అన్ని భూములమీదా 25 శాతం, బావికింద సాగయ్యే భూములమీద అదనంగా మరో 8 శాతం తగ్గించాలని సిఫారసు చేశాడు. కంపెనీ ప్రభుత్వం అప్పుడు ఒప్పుకోలేదు. రైత్వారీని పక్కనపెట్టి గ్రామాలను మొత్తంగా గుత్తకిచ్చే పద్ధతికి మళ్ళింది. మన్రో గవర్నరుగా తిరిగివచ్చిన 1820 తరువాతే ఆ తగ్గింపు అమలులోకి వచ్చింది. నేల తరగతులు సరిగా కట్టినంతమాత్రాన రైతు బ్రతకడనీ, తరగతి పక్కన వేసే అంకె మోయగలిగేదై ఉండాలనీ ఆ మధ్యకాలపు దత్తమండలాలు చూపాయి.

4. రంగు, లోతు, అణాలు

1830ల తరువాత బొంబాయి రాష్ట్రంలో గోల్డ్‌స్మిడ్, వింగేట్‌లు రూపొందించిన పద్ధతి మరింత నియమబద్ధమైనది. నిజాం రాజ్యం కూడా 19వ శతాబ్దపు చివరి భాగంలో ఈ బొంబాయి నమూనానే అనుసరించింది. కాబట్టి తెలంగాణ భూముల చరిత్రకు ఇది దూరపు విషయం కాదు.

ఆ పద్ధతిలో నేలలు మూడు శ్రేణులు. మొదటిది సన్నని, ఏకరీతి మన్ను. రంగు కటిక నలుపునుండి ముదురు గోధుమవన్నె దాకా. రెండవది దానికంటే ముతక, రంగు తేలిక, సాధారణంగా ఎరుపు. మూడవది గరుసు లేదా పొడిపొడిగా రాలే మన్ను. ప్రతి శ్రేణిలోనూ లోతును మూరలలో కొలిచి తొమ్మిది తరగతులలో ఒకదానిలో చేర్చేవారు. 1¾ మూరల లోతున్న మొదటిశ్రేణి నేల విలువ 16 అణాలు. అట్టడుగు తరగతి విలువ 2 అణాలు. 1¾ మూరల లోతే ఉన్న రెండవశ్రేణి నేలకు 14 అణాలు మాత్రమే. లోతు ఒకటే అయినా మన్ను ముతకదనం, దానితోపాటు ఎరుపురంగు, 2 అణాలు తగ్గించాయన్నమాట. సున్నపుగులకలు, వాలు, ఇసుక కలవడం, నీరు ఇంకకపోవడం, వరదకు కోసుకుపోవడం వంటి దోషాలకు వేర్వేరు గుర్తులుండేవి. ఒక్కో దోషానికి నేల ఒక్కో తరగతి దిగేది.

ఈ పట్టికను తేలికగా తీసివేయలేము. లోతు, వాలు, సున్నం, ఇంకుడు అనేవి నేటి నేలశాస్త్రం కూడా నమోదు చేసే లక్షణాలే. తవ్వి చూడకుండా తరగతి కట్టకూడదన్న నియమం మెచ్చదగినది. కానీ పట్టికలో వానకు చోటు లేదు. ఊరిమొత్తానికి వేసే పన్నురేటులో వాతావరణాన్ని లెక్కించారు గానీ, ఒకే వాన నల్లనేలలో ఒకలా, ఎర్రనేలలో మరోలా పనిచేస్తుందన్న సంగతి అణాల లెక్కకు అందలేదు.

మద్రాసు రాష్ట్రంలో 1858లో ఏర్పడిన సెటిల్‌మెంట్ శాఖ తనదైన వరుసలు కట్టింది: ఒండ్రు, రేగడి, ఎర్రనేల, సున్నపునేల, ఇసుకనేల. ఇక్కడ రేగడి ఒక వరుసకే పేరైంది. తరువాత ఆ వరుసలోనే బంక, మిశ్రమం, ఇసుక అనే ఉపవిభాగాలు చేశారు. తెలుగు చెవికి 'ఇసుక రేగడి', 'బంక రేగడి' అనే ఈ జతలు వింతగా తోస్తాయి. రేగడి అనే మాటలోనే ఉన్న బంక అనే అర్థాన్ని తీసివేసి, దానిని నలుపుకు పర్యాయపదం చేసిన తరువాతే ఇటువంటి విభజన సాధ్యం.

ప్రతి ఉపవిభాగాన్నీ మేలురకంనుండి అధమరకం దాకా ఐదుగా విడగొట్టి, జొన్న, కొర్ర వంటి ప్రామాణిక పంటల దిగుబడిని లెక్కించి, ఖర్చులూ ఋతువుల ఒడుదొడుకులకు కొంత మినహాయింపూ పోగా మిగిలినదానిలో సగాన్ని ప్రభుత్వ భాగంగా నిర్ణయించారు. ఈ సగం నియమం 1864 నాటిది. అలా తేలిన రేట్ల మెట్లే 'తరాలు'. ఒకసారి వేసిన పన్ను 30 ఏళ్ళు మారదు. ఆంధ్ర ప్రాంతపు సెటిల్‌మెంట్ రిజిస్టర్లలో 'తరం' అనే గడి చూసినవారికి ఈ మాట పరిచితమే; అది మన్ను గుణానికి వేసిన వెల.

ఆ వెల కట్టిన నేలలమీదనే 1876-78 మహాక్షామం వచ్చింది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఎక్కువ వెల కట్టిన రేగడి కూడా కాపాడలేదు. అందుకు కారణం మన్నులోనే ఉంది. దానిని కొంచెం తరువాత చెబుతాను.

5. నీరు వద్దన్న రైతులు

రేగడి గురించి రైతుకున్న అవగాహనకూ ఇంజనీర్ల అంచనాకూ మధ్య దూరం కర్నూలు-కడప కాలువ చరిత్రలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860లలో ఈ పనికి దిగింది. పెట్టుబడిమీద వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్టనుండి నంద్యాల లోయమీదుగా కడప దాకా కాలువ 1871 నాటికి పూర్తయింది. గోదావరి డెల్టాలో జరిగినట్టే ఇక్కడా రైతులు నీటికోసం ఎగబడతారని అంచనా.

రైతులు ఎగబడలేదు. కరువు ఏట నీటికి గిరాకీ పెరిగింది, ఆ తరువాత తగ్గింది. కంపెనీ నిలదొక్కుకోలేక, 1882లో ప్రభుత్వమే కాలువను కొనుగోలు చేయవలసివచ్చింది. నిర్మాణలోపాలు, ఖర్చు, నీటితీరువా రేటు వంటి కారణాలెన్నో ఉన్నాయి. అయితే రేగడిపొలాల రైతు నీరు తీసుకోకపోవడాన్ని మొండితనంగా చూడటం సరికాదు. అతని పంటలు జొన్న, పత్తి, కొర్ర. వానాకాలంలో నేల తాగి దాచుకున్న తేమతోనే చలికాలపు జొన్న పండుతుంది. సాధారణ సంవత్సరంలో అతనికి కాలువ అదనపు ఖర్చు మాత్రమే. పైగా మురుగు పోయే దారి లేకుండా రేగడికి నీరు పెడితే మన్నులోని గాలి పోతుంది, వేరు ఊపిరాడక చస్తుంది. నీరు పైకి లాగిన ఉప్పు మిగిలి నేల చవుడవుతుంది.

ఇదే కాలువకింద నేడు నంద్యాల ప్రాంతంలో సన్నబియ్యం పండుతున్నది. కాబట్టి రేగడికి నీరు పనికిరాదన్నది సూత్రం కాదు. వరికి మార్కెట్, మడి కట్టుకునే పెట్టుబడి, మురుగుకాలువ వచ్చాక లెక్క మారింది. 1870లలో ఆ లెక్క రైతుకు అనుకూలంగా లేదు, అతడు దానిని సరిగానే వేసుకున్నాడు.

6. నలుపు ఎక్కడిది?

ఈలోగా శాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న వేరు. ఈ నేల నల్లగా ఎందుకుంది? లాంబ్టన్ సర్వేతోపాటు తిరిగిన భూగర్భశాస్త్రజ్ఞుడు వాయ్‌సే, అతని తరువాత క్రిస్టీ, దక్కను నల్లరాయి శిథిలమై ఈ మన్ను ఏర్పడిందన్నారు. కర్నూలులో సహాయ కమిషనరుగా పనిచేసిన కెప్టెన్ న్యూబోల్డ్ దీనికి ఒప్పుకోలేదు. అతడు చూసిన దత్తమండలాలలో సున్నపురాయిమీదా, గ్రానైటు జాతి రాళ్ళమీదా కూడా నల్లరేగడి పరచుకొని ఉంది. అందువల్ల ఇది నీటి అడుగున పేరుకున్న మేట అని అతని వాదం. ఆ వాదం నిలవలేదు గానీ, ఒకే రాయినుండే రేగడి పుడుతుందన్న నమ్మకాన్ని అతని పరిశీలన సరిగానే ప్రశ్నించింది. మన్ను స్వభావాన్ని రాయి ఒక్కటే నిర్ణయించదు. పల్లమూ, వాతావరణమూ, నీరు కదలే తీరూ, కాలమూ కలిసి నిర్ణయిస్తాయి.

నలుపుకు కారణం కుళ్ళిన వృక్షపదార్థమని కొందరు భావించారు. రష్యాలోని చెర్నోజెం నేలలతో పోలిక అక్కడినుండే వచ్చింది. పోలిక ఆకర్షణీయమే గానీ మోసపూరితం. చెర్నోజెం నలుపు నిజంగా సేంద్రియపదార్థపు సమృద్ధినుండి వచ్చింది. మన నల్లరేగడిలో సేంద్రియ కర్బనం సాధారణంగా ఒక శాతంకన్నా తక్కువ. నత్రజని, భాస్వరం కొరతే మామూలు. 1893లో తన నివేదిక ప్రచురించిన వోల్కర్, 1898లో భారతీయ నేలలను ఒండ్రు, రెగుర్, ఎర్రనేల, లాటరైట్ అని నాలుగుగా విభజించిన లెదర్, ఈ నేలలను రసాయనశాస్త్ర దృష్టితో చూసిన తొలితరంవారు. 1910లో ఆనెట్ నలుపుకు టైటానియం కలిసిన మాగ్నటైటు ప్రధానకారణమని ప్రతిపాదించాడు. కొద్దిపాటి సేంద్రియపదార్థమే బంకరేణువులతో గట్టిగా పెనవేసుకొని అంతటి నలుపునిస్తుందన్న అభిప్రాయం తరువాత బలపడింది.

అంటే దాదాపు నూరేళ్ళ చర్చ తేల్చినది, రంగు సారానికి కొలమానం కాదని. కటిక నలుపును మొదటిశ్రేణి గుర్తుగా పెట్టిన పన్నుపట్టికలు అప్పటికే తమ పని పూర్తిచేశాయి.

7. వేరుకు అందే నీరు

రేగడిలో సగానికి పైగా బంకరేణువులే ఉండవచ్చు. వాటిలో ప్రధానమైనవి స్మెక్టైటు జాతి ఖనిజాలు. ఇవి పలుచని పొరలు. పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతాయి, నీరు పోతే ముడుచుకుంటాయి. వేసవి నెర్రెలకు కారణమిదే. అవి ఒక్కోసారి మీటరుకన్నా లోతుకు దిగుతాయి. పైమన్ను నెర్రెలలోకి రాలుతుంది, వానకు నేల ఉబ్బినపుడు లోపలి మన్ను నెట్టుకుంటూ పైకి జరుగుతుంది. రైతు వేసవిలో గుంటక తోలి పైపొరను పొడి చేసేది ఈ నెర్రెలను పూడ్చి తేమను కాపాడటానికే. పోషకాలను పట్టి ఉంచే శక్తిలోనూ స్మెక్టైటు ఎర్రనేలలోని కయొలినైటుకన్నా ఎన్నో రెట్లు మిన్న.

లోతైన రేగడి 200 మిల్లీమీటర్లకు పైగా పైరుకు అందే నీటిని దాచగలదు. పలుచని ఎర్రచెలక అందులో సగం దాచడం కూడా కష్టమే. అందుకే మంచి వాన కురిసిన ఏడు రేగడిరైతుది. వాన తక్కువైన ఏడు కథ తిరగబడుతుంది. చిన్న జల్లు రేగడి పైపొరలోనే చిక్కుకొని ఆవిరవుతుంది. లోపల ఉన్న తేమలో కొంతభాగాన్ని బంకరేణువులు ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే వేరు దానిని లాగలేదు. మన్ను తడిగా ఉండగానే పైరు వాడిపోతుంది. చెలకలో అదే జల్లు కొన్ని అంగుళాలు దిగి, మొలకకు వెంటనే అందుతుంది. క్షామకాలంలో 16 అణాల నేల కాపాడలేకపోవడానికి కారణమిది.

చెలకకు తన కష్టాలు తనకున్నాయి. వాన వెలిసి ఎండ కాయగానే పైన పెచ్చు కట్టి మొలకను అడ్డుకుంటుంది. ఇనుపభస్మపు ఎరుపు చూడటానికి బాగున్నా సారం తక్కువ. అయినా వేరుశనగకు అది నప్పింది. ఊడ మన్నులోకి సులువుగా దిగుతుంది, పీకేటప్పుడు కాయ తెగి లోపల ఉండిపోదు. అనంతపురం ఎర్రనేలలు 20వ శతాబ్దంలో వేరుశనగ సీమ కావడంలో మార్కెట్‌తోపాటు మన్ను పాత్ర కూడా ఉంది.

రెండు నేలల గుణాలను కలపడం తెలుగు రైతుకు పాతవిద్యే. ఎండిన చెరువునుండి ఒండ్రుమట్టిని బండ్లతో తోలి చెలకలో చల్లడం, ఊరి పాటిమన్నును ఎరువుగా వాడటం అందుకు ఉదాహరణలు. చెరువుమట్టిలో ఉన్నది చుట్టుపక్కల పొలాలనుండి కొట్టుకొచ్చిన సన్నని బంకే. రైతు దానిని తిరిగి తన చేనికి చేరుస్తున్నాడు. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ పనులలో పూడికమట్టిని పొలాలకు తరలించడం దీనికి ప్రభుత్వరూపం. ఇక్కడ నేల తరగతి శాశ్వతం కాదు. రిజిస్టరులో తరం 30 ఏళ్ళు కదలకుండా ఉండగలదు. చేనులో మన్ను రెండు వేసవులలో మారుతుంది.

8. పటాన్‌చెరు

1950లో ఓక్స్, థార్ప్‌లు ఈ జాతి నేలలకు 'గ్రుముసాల్' అనే పేరు సూచించారు. 1960లో అమెరికా వ్యవసాయశాఖ వెలువరించిన కొత్త వర్గీకరణ వాటిని 'వెర్టిసాల్' అన్నది. తిరగడం, తిప్పడం అనే అర్థమున్న లాటిన్ ధాతువునుండి తీసిన పేరు; పైమన్ను కిందికీ కిందిమన్ను పైకీ మారే గుణాన్ని అది సూచిస్తుంది. శాస్త్రం 'రెగుర్'ను వదులుకున్నది గానీ, రంగును వదిలి గుణాన్ని పట్టుకోవడంలో తెలుగు రేగడికి దగ్గరైంది.

1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ స్థాపించినపుడు ఆ ఆవరణలో నల్లనేల, ఎర్రనేల రెండూ పక్కపక్కన ఉండటం పరిశోధనకు కలిసివచ్చింది. అక్కడి నల్లరేగడికి 'కాసిరెడ్డిపల్లి శ్రేణి' అనీ, ఎర్రచెలకకు 'పటాన్‌చెరు శ్రేణి' అనీ పేర్లు. మెట్టసేద్యంపై వచ్చిన అంతర్జాతీయ పరిశోధనాపత్రాలలో ఈ రెండు ఊళ్ళ పేర్లు మన్నుకు గుర్తులుగా నిలిచాయి.

అక్కడి శాస్త్రజ్ఞులు ఎదుర్కొన్న మొదటి ప్రశ్న, రైతులు వానాకాలంలో లోతైన రేగడిని ఎందుకు బీడు పెడతారన్నది. ఎత్తైన వెడల్పు బోదెలు వేసి, మధ్య కాలువలతో అదనపు నీటిని తీసివేసి, తొలకరికి ముందే పొడినేలలో విత్తి, ఏడాదికి రెండు పంటలు తీసే పద్ధతిని రూపొందించారు. పరిశోధనాక్షేత్రంలో అది మంచి ఫలితాలిచ్చింది. 1980లలో మెదక్ జిల్లా గ్రామాలకు తీసుకువెళ్ళినపుడు రైతులు దానిని మొత్తంగా స్వీకరించలేదు. తొలకరి నమ్మకంగా పడే చోట పొడివిత్తనాన్ని తీసుకున్నారు, అవసరమైన చోట మురుగుకాలువలు తవ్వుకున్నారు, ఖరీదైన బండి పనిముట్టును వదిలేశారు. వాన నమ్మకం లేని చోట రేగడి మునుపటిలాగే భాద్రపదం దాకా బీడుగా ఉండి, ఆ తరువాత జొన్నకు సిద్ధమయ్యేది.